ముందు అవతల, తరువాత ఇవతల

పటమటలో మా ఎదురు ఫ్లాటు ఖాళీ అయింది. అద్దెకున్నవాళ్ళు సామాను దించుకుని వెళ్ళిపోయాక ఇంటాయన తాళాలు నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఎవరైనా చూడ్డానికొస్తే కాస్త తలుపు తీసి చూపించండి" అన్నాడు. రిటైరైన తెలుగు మాస్టరుకి ఇంతకన్నా పెద్ద పదవి ఎవరిస్తారు. మర్నాడు ఉదయమే నా కొత్త రాజ్యాన్ని చూసుకుందామని లోపలికి వెళ్ళాను. దగ్గొచ్చింది. దగ్గాను. ఆ దగ్గు హాల్లోంచి బయల్దేరి, వంటింట్లోకి ఒకసారి తొంగిచూసి, పడగ్గది గుమ్మం దగ్గర కాస్త తటపటాయించి, మెల్లగా పోయింది. పోయిందనే అనుకున్నాను. అప్పుడు నా కుడిభుజం వెనకనుంచి ఎవరో నెమ్మదిగా, "ఇంకా ఉందండి" అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు. వెనక్కి తిరిగేసరికి గుమ్మం పక్కన తెల్లచొక్కా అంచు ఒకటి కనిపించి మాయమైంది.

లేదు. ఎవరూ అనలేదు. చొక్కా అంచూ లేదు. నేను ఒక మాట చెబితే సగం కొట్టేసి వినాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. మిగిలిన సగంలో పావు నేనే తరువాత కొట్టేస్తుంటాను. జరిగిందల్లా ఇంతే: దగ్గు పోయాక కూడా నేను కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. అలా నిలబడడం నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు రాయను. రాయొద్దని ఆయనే నా దగ్గర మాట తీసుకున్నారని చెబితే బాగుంటుంది గాని, అలాంటిదేం జరగలేదు. ఆయన చేసిన భక్తిపాటల మీద, ఎన్నికల పాటల మీద, పెళ్ళి వీడియోల మీద ఎవరూ ఆయన పేరు వెయ్యలేదు, ఆయనా అడగలేదు. గవర్నర్‌పేటలో అందరూ "సౌండు గారు" అనేవారు. ఇప్పుడు నేనొక్కణ్ణే పేరు వేస్తే ఎక్కడున్నా ఆయన పక్కకి తిరిగి ఇబ్బందిగా నవ్వుతారు.

ఒక లాడ్జి మీద, మూడో అంతస్తులో, ఒకే ఒక్క గది ఆయన స్టూడియో. మధ్యలో అద్దం, అటు పాడేవాడు, ఇటు మీటలు తిప్పేవాడు, అలాంటి హంగులేం లేవు. పాడేవాళ్ళకీ ఆయనకీ మధ్య మూడడుగుల దూరం. లాడ్జి వాళ్ళు పారేసిన పరుపులు విప్పి, ఆ కొబ్బరిపీచుని గోడలకి కొట్టించుకున్నారు. "ఎంతమంది నిద్రపోయారో వీటిమీద. మంచి నిశ్శబ్దం పట్టిందండి" అనేవారు. లోపలికి వెళ్ళగానే కొండపల్లి కొయ్యపళ్ళెం ఒకటి ముందుకి జరిపేవారు. తాళంచెవులు, వాచీ, పెన్ను, చప్పుడు చేసేవన్నీ అందులో పెట్టాలి. తరువాత ఫ్యాను ఆపేవారు. కింద లాడ్జి నీళ్ళమోటారు పన్నెండున్నరకి వేస్తారు కాబట్టి, పదినుంచి పన్నెండున్నర దాకానే పని. అందరినీ అండీ అనేవారు. అందరినీ అంటే కంప్యూటర్ని కూడా. అది మొరాయిస్తే, "కాస్త చూడండి మరి" అని బతిమాలుకునేవారు.

నేను మొదటిసారి వెళ్ళింది నా పద్యాలు పట్టుకుని. మా కాలువ మీద, నీళ్ళు ఆపి వదిలే లాకుల మీద, కాలువగట్టు మనుషుల మీద రాసుకున్న ఇరవైనాలుగు పద్యాలు. నేను పద్యం ఎత్తుకుంటే దివిసీమలో పడవలు ఆగిపోయేవని అక్కడ కూచుని చెప్పాను. నిజానికి నేను పుట్టి బుద్ధెరిగేసరికే ఆ కాలువలో పడవలు లేవు. నా పద్యానికి మా స్కూల్లో నిద్రపోతున్న పిల్లలు లేచేవారు, అంతవరకు సాక్ష్యం ఉంది. కాని తొందర మాత్రం నిజం. గొంతులో కాయ ఒకటి ఉంది, కోసి తీయాలన్నారు డాక్టరు గారు. తీశాక గొంతు ఎలా ఉంటుందో చెప్పలేమన్నారు. ఆపరేషన్‌కి మూడు వారాలు గడువు. ఈలోగా ఇరవైనాలుగూ పాడి దాచుకోవాలి.

"గుడిలో పాడినట్టు గంభీరంగా రావాలండి" అన్నాను.

ఆయన కుర్చీలో నాకేసి తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు. "ఏ గుడండీ?"

"ఏ గుడైతే ఏముందండీ, గుడి."

"అలా కాదండి. రాతిగుడి ఒకలా పలుకుతుంది. సిమెంటుది ఒకలా. జనం ఉంటే ఒకలా, తలుపులేసేశాక ఒకలా. మీరు ఎక్కడ నిలబడి పాడుతున్నారో చెబితే, అక్కడికి తీసుకెళ్తాను."

తొమ్మిది ఉదయాలు పాడాను. ఆయన నావైపు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ, నోరు కాస్త తెరుచుకుని వినేవారు. ప్రతి పద్యానికి ముందూ మైకు దగ్గరికి చెయ్యి చాచి ఒక చిటిక వేసేవారు. తరువాత, "కానివ్వండి మాస్టారూ" అనేవారు. అంతే. బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. బాగా రాకపోతే మాత్రం, "మంచినీళ్ళు తాగుతారా?" అని అడిగేవారు. ఆ తొమ్మిది రోజుల్లో రెండు బిందెలు తాగి ఉంటాను. సరే, ఒక బిందె.

ఆపరేషనయింది. కాయ పోయింది, గొంతూ పోయింది. ఇప్పుడు నేను మాట్లాడితే ఇసకలో చెప్పులీడ్చినట్టు ఉంటుంది. నా గొంతన్నది ఇంకెక్కడైనా ఉందీ అంటే, ఆ లాడ్జి మీద గదిలో, ఆ కంప్యూటర్లోనే ఉంది. దాన్ని వినే తీరులోకి తేవడం ఆయన పని. పద్యాలు పాడడానికి తొమ్మిది రోజులు పడితే, ఆ పనికి ఎనిమిది నెలలు పట్టింది. రోజు విడిచి రోజు వెళ్ళి పక్కన కూచునేవాణ్ణి. మాట్లాడేందుకు గొంతు లేదు కాబట్టి జీవితంలో మొదటిసారి వినడం మొదలుపెట్టాను.

ఆయన పద్ధతి ముందు నాకు బోధపడలేదు. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అందులో రెండు సాఫ్ట్‌వేర్లు. ఒకటి పాతది, అందులోనే రికార్డింగు, అందులోనే మిక్సింగు. ఇంకొకటి కొత్తది. ఆయనకి కావలసిన ప్లగిన్, అంటే సాఫ్ట్‌వేరుకి తగిలించే చిన్న పనిముట్టు, ఒకటుంది. ఏదైనా ఒక చోటు శబ్దానికి ఎలా బదులు పలుకుతుందో పట్టుకుని, ఆ బదులుని మన గొంతుకి తొడుగుతుంది. అది పాతదాంట్లో పనిచెయ్యదు.

"కొత్తదాంట్లోకే మారిపోవచ్చుగా" అని కాయితం మీద రాసి చూపించాను.

"మారొచ్చండి. చెయ్యి మారదండి."

అందుకని రెండిటికీ మధ్య కంటికి కనపడని తీగ ఒకటి కట్టారు. తీగంటే నిజం తీగ కాదు, అదీ సాఫ్ట్‌వేరే. పాతదానికి ఇవతల అని పేరు, కొత్తదానికి అవతల అని పేరు. ఏ చోటు గాలీ సోకని నా పొడిగొంతు ఇవతలనుంచి బయల్దేరి, తీగ మీద అవతలికి వెళ్ళి, అక్కడ ఒక చోటు గాలి తొడుక్కుని, ఇంకో తీగ మీద వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని పొడిగొంతులో కలుపుతారు.

"బ్యారేజీ మీద నది దాటి సీతానగరం వెళ్ళొచ్చినట్టు" అని రాశాను.

"అంతేనండి. బ్యారేజీ మీద ట్రాఫిక్ ఉంటుంది కదండీ. వచ్చేసరికి కాస్త ఆలస్యం."

ఆ ఆలస్యం కొలవడానికే చిటిక. చిటికని కూడా అవతలికి పంపితే స్పీకర్లలో రెండు చిటికలు వినిపిస్తాయి, ఇక్కడున్నదొకటి, వెళ్ళొచ్చిందొకటి. అప్పుడాయన ఇక్కడున్నదాన్ని రవ్వంత ఆపేవారు. ఇంకో రవ్వ. మళ్ళీ రవ్వ. రెండు చిటికలూ ఒకటై ఒక్కటే టక్కుమన్నాక వేళ్ళు తీసేవారు. "వెళ్ళినవాళ్ళని తొందరపెట్టలేమండి. ఉన్నవాళ్ళమే ఆగాలి" అనేవారు.

అంత చిన్న ఆలస్యం మనిషి చెవికి తెలుస్తుందా అని అడిగాను.

"ఒక్కటే వింటే తెలీదండి. రెండోది పక్కనుంటేనే తెలుస్తుంది."

ఇక ఆ అవతలి చోట్లు. అవి కొన్నవి కాదు, ఆయన స్వయంగా తిరిగి పట్టుకొచ్చినవి. చొక్కా జేబులో ఎప్పుడూ మూడు బుడగలు ఉండేవి, పిల్లలు ఊదుకునేవే. నచ్చిన చోట ఒక బుడగ ఊది, సూదితో పేల్చి, చేతిలో ఇమిడే రికార్డరుతో ఆ చప్పుడూ, దాని వెనక వచ్చే బదులూ పట్టుకునేవారు. ఉయ్యూరు దగ్గర మూతబడ్డ బియ్యంమిల్లు, పెడన వైపు మగ్గాలెత్తేసిన షెడ్డు, లాకు కిందిగది, తన లాడ్జి మెట్లు. నా పద్యాల కోసం కొండపల్లి కోట కూడా కావాలన్నాను నేను. పద్యాల్లో కోట ఎక్కడా లేదు. రాజులా వినపడాలని నా సరదా. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అలాగేనండి" అన్నారు.

ఆ కోట ప్రయాణం గురించి నేను చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. బుడగ పేలగానే వెయ్యి గబ్బిలాలు లేచి ఆకాశం నల్లబడిందని, కాపలావాడు తుపాకీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడని. గబ్బిలాలు లేవు. కాపలాదారు చెట్టునీడలో కూచుని ఫోను చూసుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. మొదటి బుడగ అసలు కోట దాకా రానేలేదు. ఘాట్ రోడ్డు మలుపులో ఆటోలోనే పేలింది. ఆటో అతను దిగి మూడు టైర్లూ చేత్తో నొక్కి చూసుకుని, ఏమీ అర్థంకాక మావైపు చూశాడు. సౌండు గారు, "మాదేనండి, క్షమించండి" అని జేబులోంచి చిరిగిన బుడగ తీసి చూపించారు. "ఈ వయసులో ఏంటండీ మీకిది" అన్నాడు అతను.

రెండోది కోటలో, పైకప్పు మిగిలిన ఒక పెద్ద గదిలో పేల్చారు. నన్ను గోడవార నిలబెట్టి, ఊపిరి ఆపమని సైగ చేశారు. టప్పుమంది. గది మొత్తం ఒకసారి మాట్లాడి ఊరుకుంది. నేను ఊపిరి వదలబోయాను. ఆయన చెయ్యెత్తారు. "ఇంకా ఉందండి."

నాకేమీ వినపడలేదు. ఆయన మాత్రం ఎత్తిన చెయ్యి దించకుండా, తల కాస్త వంచి, ఎవరో మెట్లు దిగి వెళ్ళిపోతుంటే గుమ్మందాకా సాగనంపుతున్నవాడిలా నిలబడి ఉన్నారు. ఎండలో తెల్లచొక్కా. బుడగముక్క ఒకటి కాలిదగ్గర. ఎంతసేపటికో చెయ్యి దించి, "ఆఁ, వెళ్ళిందండి" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇది కొట్టెయ్యక్కర్లేదు.

ఎనిమిది నెలలూ ఒకటే తంతు. పద్యం వినిపించేవారు. కళ్ళు మూసుకుంటే నేను నిజంగా లాకు కిందిగదిలో ఉన్నాను, నా పాతగొంతుతో, నీళ్ళ చెమ్మలో. ఏ అక్షరం దగ్గర ఆ గది ఎంత పలకాలో ఆయన వేలితో మీట జరుపుతూ రాసిపెట్టేవారు. కొన్నిచోట్ల ఒక్క సున్నా దగ్గరే పెంచి తగ్గించేవారు. అయ్యాక, "బౌన్స్ చేసేద్దామాండీ?" అని అడిగేవారు. అంటే, అవతలినుంచి వస్తున్నదాన్ని ఇవతల శాశ్వతంగా రికార్డు చేసేసుకోవడం. ఒకసారి అలా చేసేస్తే ఇక అవతలితో పనిలేదు. చెయ్యనంతకాలం, రెండూ నడుస్తుంటేనే, తీగలు కట్టి ఉంటేనే ఆ ధ్వని ఉంటుంది. లేకపోతే లేదు.

నేను ప్రతిసారీ బొటనవేలూ చూపుడువేలూ కాస్త ఎడంగా పట్టి చూపించేవాణ్ణి. ఇంకొంచెం. ఇంకొంచెం కోట. ఇంకొంచెం రాజు.

వద్దనాలని ఆయనకి ఉండేదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు పెదవి కదిలింది. కాని పెద్దవాణ్ణి, గొంతుపోయినవాణ్ణి. "అలాగేనండి, చూద్దాం" అనేవారు.

ఆ చూద్దాంలోనే ఒక ఉదయం పాలప్యాకెట్టు తెచ్చుకుంటూ మెట్ల మీద కూలబడ్డారు. కూతురు ఫోను చేసి చెప్పింది. ఆవిడ గుడివాడలో ఇంటర్మీడియెట్ పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆయనకి మిగిలింది ఆవిడొక్కర్తే.

కర్మకాండ అయిన మూడోరోజు మళ్ళీ ఫోను చేసింది. "మాస్టారు గారూ, లాడ్జి వాళ్ళు గది ఖాళీ చెయ్యమంటున్నారండి. మీ పద్యాలు అందులోనే ఉన్నాయి కదా. నాన్న ఈ ఎనిమిది నెలలూ వాటి గురించే చెప్పేవారు. జీవితంలో ఒక్కటి తృప్తిగా చేస్తున్నానమ్మా, అయ్యాక వినిపిస్తానని. ఒకసారి వినాలనుందండి. మీకు తెలుసుగా, ఎలా తెరవాలో?"

తెలుసన్నాను. ఎనిమిది నెలలు పక్కన కూచున్నాను, కళ్ళు మూసుకుని తెరుస్తానన్నాను. ఆ ఇసకగొంతుతోనే అంత గొప్ప పోయాను.

ఉదయం పదకొండుకి వెళ్ళాం. పదిహేను రోజులు దాటి మూసి ఉన్న గది. ఎప్పుడూ ఆపని కంప్యూటరు, మధ్యలో కరెంటు పోయి ఆగిపోయి ఉంది. కొయ్యపళ్ళెంలో ఆయన వాచీ. ఆ అమ్మాయి తన తాళంచెవులు తీసి దాని పక్కన పెట్టింది. ఆ పద్ధతి ఆవిడకీ తెలుసు.

స్క్రీను పక్కన గోడకి ఒక అట్టముక్క అంటించి ఉంటుంది, ఆయన చేతిరాత. నేను వంద సార్లు చూశాను. చూడ్డమే గాని చదవలేదు. ఆవిడ దానివైపు చూసి, నావైపు చూసింది.

"ఆ రెండోది కూడా తెరవాలేమోనండి?" అంది.

"అది తరువాతమ్మా. పద్యాలుండేది ఇందులో. ముందు ఇదే" అన్నాను, పాతదాని బొమ్మ మీద వేలు పెట్టి.

"సరేనండి."

పాతది తెరుచుకుంటూ మధ్యలో ఆగింది. చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు చదివి చెప్పింది. "అవతలి పరికరం కనపడటం లేదటండి. దానికి కట్టిన దారులు తీసెయ్యమంటారా అంటోంది."

"తీసెయ్యమనమ్మా. పాతవేవో అయ్యుంటాయి."

నొక్కింది. తెరుచుకుంది. మొదటి పద్యం పెట్టింది. చిటిక. "కానివ్వండి మాస్టారూ." ఆ గొంతు వినగానే ఆవిడ చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. తరువాత నేను. కోట లేదు, లాకు గది లేదు. పీచుగోడల మధ్య ఒక ముసలివాడు ఎండిపోయిన గొంతుతో, ఊపిరి అందక, పద్యం పాదం చివర ఈడ్చుకుంటున్నాడు.

"ఏదో పొరపాటయిందమ్మా. మూసి మళ్ళీ తెరువు" అన్నాను.

మూస్తుంటే అడిగింది. "సేవ్ చెయ్యమంటారా అండీ?"

"చెయ్యమ్మా. సేవ్ చెయ్యడం ఎప్పుడూ మంచిదే."

ఈసారి అవతలిది కూడా తెరిచింది. గదులన్నీ వరసగా ఉన్నాయి, మిల్లు, షెడ్డు, లాకు, కోట, ఆయన పెట్టిన పేర్లతో. శబ్దం వస్తే ఆడే దీపం దేంట్లోనూ కదల్లేదు. ఇవతల పద్యం పాడుతూనే ఉంది. అవతలికి ఏదీ వెళ్ళడం లేదు, అవతలినుంచి ఏదీ రావడం లేదు.

అప్పుడు కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆవిడ చూడనప్పుడు ఆ అట్టముక్క చదివాను. "ముందు అవతల. తరువాత ఇవతల. తారుమారైతే ఏమడిగినా వద్దనండి." అట్టముక్క మీద కూడా అండీ.

గుంటూరునుంచి ఆయన స్నేహితుడు, అదే పనిలో ఉన్నతను, వచ్చి చూశాడు. వేరే డ్రైవులో దాచిన కాపీ వెతికితే అందులో ఉన్నవి నేను పాడిననాటి పొడిగొంతులే. "గదులున్నాయండి, దారుల్లేవు" అన్నాడు. "ఏ పద్యం ఏ గదికి, ఏ అక్షరం దగ్గర ఎంత, అదంతా ఆ తీగల దారుల మీద రాసిపెట్టుకున్నారు. నాకు తోచినట్టు నేను పెట్టగలను. ఆయనకి తోచినట్టు పెట్టలేను కదండీ. ఇంతకీ ఎలా పోయాయి?"

"కరెంటు" అన్నాను నేను.

అమ్మాయి తల వంచుకుని పళ్ళెంలోంచి తాళంచెవులు తీసుకుంది.

ఏడాదిపాటు అదే చెప్పాను. అందరికీ చెప్పాను. చెప్పేకొద్దీ కరెంటు పెరిగింది. మెరుపు కూడా వచ్చి చేరింది ఒకసారి. పొడి పద్యాలు ఆవిడ పెన్‌డ్రైవులో వేసి పంపితే సొరుగులో పడేశాను. ఎవరైనా అడిగితే చెడిపోయాయనేవాణ్ణి.

అయితే మొన్న ఆ ఖాళీ ఫ్లాట్లో, పోయిన దగ్గు కోసం నిలబడ్డానే, ఆ తరువాత ఇంట్లోకి వచ్చి కూచోలేకపోయాను. గుడివాడకి ఫోను చేశాను. నా గొంతు ఫోన్లో ఎవరికీ అర్థం కాదు. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"అమ్మాయ్, ఆ రోజు కరెంటు కాదమ్మా. నాకేమీ తెలీదు. తెలుసని చెప్పి, నీచేత నొక్కించాను. మీ నాన్న ముందు అవతల తెరవమని గోడకి రాసిపెట్టారు."

ఫోన్లో వెనక ఎక్కడో కాలేజీ గంట కొట్టారు.

"నాకు తెలుసండి" అంది. "ఆ అట్ట నేను ముందే చదివాను."

"చదివావా? మరి చెప్పలేదేమ్మా?"

"రెండోది తెరవాలేమో అన్నాను కదండీ. మీరు తరువాతన్నారు. పెద్దవారు, ఎనిమిది నెలలు పక్కన కూచున్నారు. అట్టమీదున్నది పాతమాటేమో, నాన్న తరువాత మార్చారేమో అనుకున్నాను. మిమ్మల్ని కాదని నొక్కడానికి చెయ్యి రాలేదండి. మీరొక్కరే కాదు లెండి. నొక్కింది నేనేగా. ఏడాదినుంచి నేనూ ఎవరికీ చెప్పలేదు."

"పద్యాలు విన్నావా మరి?" అని అడిగాను.

"రోజూ వింటానండి, కాలేజీకి బయల్దేరేముందు. చిటిక, కానివ్వండి మాస్టారూ. ఇరవైనాలుగుసార్లు. మీ పద్యం మొదలయ్యేలోగా ఆపేసి తరువాతది పెట్టుకుంటాను. ఏమనుకోకండి."

"ఏమీ అనుకోనమ్మా. మీ నాన్న కూడా మంచినీళ్ళే ఇచ్చేవారు."

నవ్వింది. లేదా ఏడ్చింది. ఫోన్లో తెలీలేదు.

పెట్టేసే ముందు ఒక మాట చెప్పింది. గుంటూరాయన ఆ పద్యాలు పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తూ, "ప్రతి పద్యం మొదట్లో నాన్నగారు రవ్వంత ఆలస్యం పెట్టారమ్మా. ఇప్పుడు అవతలినుంచి వచ్చేదేం లేదు కదా, తీసెయ్యనా?" అని అడిగాడట. ఉండనివ్వండి అందట ఈవిడ. ఎందుకో తనకీ తెలీదట.

ఆ మర్నాడు సొరుగులోంచి పెన్‌డ్రైవు తీశాను. మా మనవరాలి స్పీకరు ఒకటుంది, పెన్‌డ్రైవు పెడితే పాడేది. తాళాలు తీసుకుని ముందు ఎదురు ఫ్లాటు తలుపులు తెరిచాను, గదుల తలుపులన్నీ. స్పీకరు హాలు మధ్యలో నేలమీద పెట్టాను. తరువాత వచ్చి మా ఇంటి తలుపు తెరిచి, గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. ఉదయం పది దాటింది. లిఫ్టు ఆగి ఉంది. ఆ కాస్త ఆలస్యం నాకు వినపడిందని రాస్తే బాగుంటుంది. వినపడలేదు. ఒక్కటే ఉన్నప్పుడు తెలీదని ఆయనే చెప్పారు. కాని అక్కడుందని తెలిసి కూచున్నాను.

చిటిక. అది ఖాళీ గదుల్లోకి వెళ్ళి, వరండా దాటి, నా దగ్గరికి వచ్చింది.

"కానివ్వండి మాస్టారూ."

ఆయన గొంతుని ఏ గదిలోనూ ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. మూడడుగుల దూరంలో పీచుగోడల మధ్యే విన్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడది ఎదురింటి హాల్లో, వంటింట్లో, పడగ్గది గుమ్మం దగ్గర ఉంది. నా నోరు తెరుచుకుంది, అలవాటు. పద్యం అక్కడినుంచి మొదలైంది. పాతగొంతు, ఊపిరి అందనిదే, కాని పాదం చివర గోడలు కాస్త అందుకున్నాయి. కోట కాదు. రెండు పడగ్గదుల ఫ్లాటు.

పద్యం అయిపోతుండగా లిఫ్టు వచ్చింది. భార్యాభర్తలు, చేతిలో ఇంటాయన ఇచ్చిన చీటీ. ఆవిడ తెరిచి ఉన్న తలుపువైపు చూసి, "ఇదేనాండీ అద్దెకిచ్చేది? లోపల ఎవరో ఉన్నట్టున్నారే" అంది.

స్పీకరు ఊరుకుంది. ఆవిడ భర్త లోపలికి అడుగెయ్యబోయాడు.

నేను కుర్చీలోంచి లేచి చెయ్యెత్తాను. పెద్దవాడు చెయ్యెత్తాడు కదా అని ఇద్దరూ గుమ్మం ఇవతలే ఆగారు.